మార్విన్ గే విడాకుల పాటలు, మన లవ్ ఫెయిల్యూర్ స్టేటస్‌లు



లవ్ ఫెయిల్యూర్ అంటే మన హాస్టళ్లలో మోగే పాటలు తెలిసినవే. పిల్ల మోసం చేసింది, పిల్లగాడు తాగుతున్నాడు, అంతే కథ. మేమూ అవే విని పెరిగాం. ఈమధ్య రూమ్‌లో రాత్రిపూట వేరేది వింటున్నాం. అమెరికా నల్లజాతి గాయకుడు మార్విన్ గే 1978లో తెచ్చిన ‘హియర్, మై డియర్’. ఇంగ్లీషు సగమే అర్థమైతే లిరిక్స్ ముందు పెట్టుకుని విన్నాం.

దాని వెనక కథ చెప్పాలి. ఆయన భార్య పేరు అన్నా గోర్డీ (మన అన్న కాదు, ఆమె పేరే అది). 1963లో పెళ్లి, 1977లో విడాకులు. ఇవ్వడానికి ఈయన దగ్గర డబ్బు లేదు. రాబోయే ఆల్బమ్ మీద వచ్చే డబ్బులోంచి ఆమెకు 6 లక్షల డాలర్లు ఇవ్వాలని తేలింది. ఇంకో తమాషా ఏంటంటే, ఆ పాటలు అమ్మే మోటౌన్ కంపెనీ ఓనరు బెర్రీ గోర్డీ ఆమెకు సొంత తమ్ముడే. మొదట ఏదో ఒకటి చేసి పడేద్దాం అనుకున్నాడట. కూర్చున్నాక మనసులో ఉన్నదంతా బయటికొచ్చి రెండు రికార్డులు నిండిపోయాయి. కోర్టు, లాయర్లు, డబ్బు, కోపం, పాత ప్రేమ, అన్నీ ఉన్నాయి. అప్పట్లో సరిగా అమ్ముడుపోలేదు, విమర్శకులూ పెద్దగా మెచ్చుకోలేదు. ఇప్పుడు గొప్ప ఆల్బమ్ అంటున్నారు.

మాకూ నచ్చింది. ఎందుకంటే ముఖ్యమైన పాటలో ఆయన రెండు ప్రశ్నలు అడుగుతాడు. నువ్వు నన్ను ప్రేమించడం ఎప్పుడు మానేశావు అని ఒకటి, నేనెప్పుడు మానేశాను అని ఇంకొకటి. ఆ రెండో ప్రశ్న మన పాటల్లో ఎక్కడైనా విన్నామా? మేమైతే వినలేదు.

కానీ ఒక విషయం మింగుడు పడట్లేదు. ఆమె పేరుతోనే ఒక పాట ఉంది. ఇంటి గొడవ మొత్తం ఊరంతా వినేలా పెట్టాడు. అన్నా కూడా పాటలు రాసిన మనిషే, 1969లో ఒరిజినల్స్ పాడిన ‘బేబీ, ఐయామ్ ఫర్ రియల్’ భార్యాభర్తలిద్దరూ కలిసి రాసిందే. అయినా ఆమె వైపు నుంచి జవాబుగా ఆల్బమ్ రాలేదు. మైక్ ఆయన చేతిలోనే ఉంది. డబ్బు ఆమెకు వెళ్లింది కదా అంటారు. డబ్బు వేరే, పరువు వేరే.

ఇక మన సంగతి. బ్రేకప్ అయిన రాత్రే పిల్ల ఫొటో, ఊరి పేరు, ఇంటిపేరు పెట్టి స్టేటస్ కొట్టేస్తున్నారు కొందరు తమ్ముళ్లు. అది గూడేనికి చేరడానికి ఎంతసేపు? ముందు ఆగేది ఆ చెల్లి చదువు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే అయ్యుండొచ్చు. పిల్లగాడి చదువు మాత్రం ఆగదు. వాడికి ఫ్రెండ్స్ టీ కూడా తాగిస్తారు!

బాధ రాయొద్దని మేము అనట్లేదు. రాయండి, పాడండి, ఈ గ్రూప్‌లోనే పెట్టండి. పేరు, ఫొటో లేకుండా పెట్టండి. ఉన్న పోస్టులను అడ్మిన్ అన్నలు తీసేయాలని మా మాట. దీనికి ఒప్పుకోని వాళ్లు కింద రాయండి, మాట్లాడుకుందాం. అక్కలూ చెల్లెళ్లూ ముందు రాస్తే ఇంకా మంచిది.

వినాలనుకునే వాళ్లు చివరిదాకా వినండి. కొత్త ప్రేమ దొరికిందని ఒక పాట పాడతాడు. అది అయిపోగానే మళ్లీ ఆ పాత ప్రశ్నే చిన్న ముక్కగా వస్తుంది.