సంకటి ముద్దయు మాతృభాషయు

మాతృభాషాభిమానమును గూర్చి ప్రసంగించునపుడు మనము కావ్యములను, పాఠ్యపుస్తకములను, పరీక్షలను పేర్కొందుము. వంటయింటిని ఎవరును పేర్కొనరు. కాని హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న మన తెలుగు కుటుంబములలో పిల్లలకు భాష బడికంటె ముందుగా పొయ్యి యొద్దనే అబ్బినది. ఆ పొయ్యి యొద్దనే అది నేడు సన్నగిల్లుచున్నదని మా యభిప్రాయము. రాగిసంకటి, నాటుకోడి పులుసు అను మన యింటి భోజనమునే ఉదాహరణముగా గైకొని ఈ విషయమును విద్యార్థులకును, తల్లిదండ్రులకును మనవి చేయుచున్నాము.

ఈ వంటలో ఎన్ని పనులున్నవో చూడుడు. రాగులను చేటతో చెరుగవలెను; తిరుగలిలో విసరవలెను; జల్లెడతో జల్లింపవలెను. పులుసునకు ధనియాలు, ఎండుమిరపకాయలు, లవంగములు, దాల్చినచెక్క దోరగా వేయించి, అల్లము, వెల్లుల్లి, కొబ్బరి చేర్చి సన్నికంటిపై నూరవలెను. కారమును రోట దంచుదురు. ఇడ్లీపిండిని రుబ్బురోట రుబ్బుదురు. విసరుట, నూరుట, దంచుట, రుబ్బుట అను నాలుగును వేరువేరు పనులు. వానికి వేరువేరు పనిముట్లు. ఇప్పుడు ఈ నాలుగింటికిని 'మిక్సీలో వేయుట' అను ఒక్క మాటయే మిగిలినది. శ్రమ తగ్గినందుకు మాకు సంతోషమే. మన తల్లులు మరల తిరుగలి త్రిప్పవలెనని మేము కోరము. కాని పనిముట్టు మూలబడినంతమాత్రమున మాటయు మూలబడనక్కరలేదు.

సంకటి చేయుట తేలికగా కనబడును గాని అది ఓర్పుతో కూడిన పని. నాలుగు ముద్దలకు ఒక గ్లాసు రాగిపిండి, పావు గ్లాసు బియ్యపు నూక, మూడు గ్లాసుల నీరు చాలును. ఎసరు మరగిన పిదప ఉప్పును, కడిగిన నూకను వేసి మెత్తగా ఉడుకనీయవలెను. తరువాత పిండిని నడుమ కుప్పగా పోసి, కలుపక, కట్టెతో ఒక గుంట చేసి, మూతపెట్టి, సన్నని సెగపై పది నిమిషములు ఉంచవలెను. పిండి ఆవిరికి ఉడికిన పిదపనే గట్టిగా కెలుకవలెను. తొందరపడినచో ఉండలు కట్టును; పచ్చివాసన పోదు. చేతికి తడి చేసికొని, వేడి తగ్గకమునుపే ముద్దలు చుట్టవలెను.

నాటుకోడి మాంసము గట్టిది, త్వరగా ఉడుకదు. పసుపు, ఉప్పు పట్టించి, ఉల్లిపాయలతో వేయించి, నూరిన మసాలా చేర్చి, నీరు పోసి నిదానముగా ఉడికింపవలెను. ముద్దను తుంచి అద్దుకొనుటకు పులుసు పలుచగా ఉండవలెను గనుక దానిని ఇగురనీయరాదు. మాంసము తినని యిండ్లలో అనపగింజల పులుసు చేయుదురు.

ఈ రెండు వంటలను దగ్గర నిలిచి చూచిన బాలునకు నీరు కాగుటకును మరుగుటకును, మాంసము వేగుటకును ఉడుకుటకును గల భేదమును ఎవరును బోధింపనక్కరలేదు. ఎసరు ఎరుగని బాలునకో, 'వాని ఉద్యోగమునకు ఎసరు పెట్టినారు' అను జాతీయమును నల్లబల్లపై ఎన్నిసార్లు వివరించినను అది వట్టి పాఠముగానే మిగులును. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొనియు, తన యింటి వస్తువులకు తెలుగు పేర్లు చెప్పలేని విద్యార్థులను చూచి మేము విచారించుచున్నాము.

దీనిని పొరుగు భాషలపై ద్వేషముగా ఎవరును భావింపరాదు. కన్నడిగులు ముద్దె యనియు, తమిళులు కళి యనియు పిలుచునది మన సంకటికి దగ్గరి చుట్టమే. 16వ శతాబ్దమునకు చెందిన కనకదాసు కన్నడమున రచించిన 'రామధాన్య చరిత్రె'లో వరియు రాగియు తమలో ఎవరు గొప్పయని వాదులాడుకొనగా, తుదకు శ్రీరాముడు రాగినే మెచ్చుకొనును. మన తెలుగులోనే ఈ ధాన్యమును ఉత్తరాంధ్రమున చోళ్ళు అనియు, తెలంగాణమున తైదలు అనియు అందురు. ఇన్ని పేర్లు నేర్చుట సంపదయే. తన యింటి పేరును పోగొట్టుకొని ఇతరుల పేర్లను మాత్రమే నేర్చుట నష్టము.

సంకటి బీదవారి తిండి యని దానిని బడికి తెచ్చుటకు సిగ్గుపడు పిల్లలును కలరు. నూరు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము ఉండగా, తెల్లబియ్యమున సుమారు 10 మిల్లీగ్రాములు మాత్రమే ఉన్నది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. నగరములలోని హోటళ్ళు ఈ సంకటినే, ఈ పులుసునే గొప్పగా చెప్పుకొని అమ్ముచున్నవి. ఇంట సిగ్గుపడినదానిని హోటలులో వెలపెట్టి కొనుట వింత కాదా?

'వంట నేర్చినచో మార్కులు వచ్చునా?' అని తల్లిదండ్రులు అడుగవచ్చును. మార్కులు రావు. కాని అల్పసంఖ్యాక భాషల బాలురకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు చూడవలెనని 1956లో రాజ్యాంగమున 350ఎ అధికరణము చేర్పబడినను, అది బడిని గూర్చియే చెప్పగలదు గాని ఇంటిని గూర్చి చెప్పలేదు. తమిళనాట 2006 నాటి చట్టముచే తమిళము నిర్బంధ పాఠ్యాంశమైనది. ఈ నేలపై బ్రదుకు మన పిల్లలు తమిళమును చక్కగా నేర్వవలసినదే. అందుచేతనే బడిలో తెలుగునకు దక్కు కొద్ది గంటలకు ఇల్లు తోడు కావలెను. అవ్వ నోటి మాటను ఏ చట్టమును తెచ్చి ఇయ్యజాలదు.

కావున తల్లిదండ్రులకు మా విన్నపము ఒక్కటే. నెలకొక ఆదివారము సంకటియు, పులుసును ఇంటనే చేయుడు. పిల్లలను ప్రక్కన నిలుపుకొని, పనికొక మాట చొప్పున తెలుగుననే చెప్పుడు. ఇది ఆడపిల్లల పని యని మగపిల్లలను దూరముగా ఉంచుట మాకు సమ్మతము కాదు. సంకటి కెలుకుటకు బలము గల చేతులే కావలెను. మరుగు ఎసరు యొద్ద మాత్రము పెద్దలు తప్పక ఉండవలెను.

విద్యార్థులారా! రాబోవు సెలవులలో మీ అవ్వ యొద్ద కూర్చుండి, వంటపాత్రల పేర్లు, వంటపనుల పేర్లు ఇరువదింటిని అడిగి వ్రాసికొని రండు. ఏ యూరిలో ఏ మాట వాడుదురో తరగతిలో పోల్చి చూతము.