హ్యూటన్‌కు ‘అనుభవం’ చాలలేదట

2010 డిసెంబర్ 6న ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్ తన మేనేజర్ క్రిస్ హ్యూటన్‌ను తొలగించింది. (అక్కడ మేనేజర్ అంటే ఆఫీసు చూసుకునేవాడు కాదు. జట్టుకు శిక్షణ ఇచ్చేదీ, ఎవరు ఆడాలో తేల్చేదీ ఆయనే.) చివరి ఐదు మ్యాచుల్లో జట్టు గెలవలేదు, నిజమే. కానీ అంతకుముందు సీజన్‌లో ఇదే జట్టు రెండో శ్రేణిలో 102 పాయింట్లతో, సొంత మైదానంలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా చాంపియన్ అయి ప్రీమియర్ లీగ్‌కు తిరిగొచ్చింది. ఐదు వారాల కిందటే ఆగర్భ శత్రువు సండర్లాండ్‌ను 5-1తో చిత్తు చేసింది. పట్టికలో మధ్యన ఉంది. అయినా తీసేశారు. మేనేజర్‌గా ఇంకా ఎక్కువ అనుభవం ఉన్నవారు కావాలన్నది క్లబ్ చెప్పిన కారణం.

ఆ రోజున ప్రీమియర్ లీగ్ ఇరవై క్లబ్బుల్లో ఉన్న ఒకే ఒక నల్లజాతి మేనేజర్ హ్యూటన్.

ఈ ‘అనుభవం’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే ఇది మన చెవులకు బాగా అలవాటైన మాట. మన దగ్గర దాని పేరు ఒకసారి మెరిట్, ఇంకోసారి ‘తగిన అభ్యర్థి దొరకలేదు’.

హ్యూటన్ 1958లో తూర్పు లండన్‌లో పుట్టారు. తండ్రి ఘనా దేశస్థుడు, తల్లి ఐర్లండ్ మహిళ. టాటెన్‌హామ్ క్లబ్‌లో చేరినా లిఫ్టులు బిగించే పనిలో అప్రెంటిస్‌షిప్ పూర్తయ్యే వరకు పూర్తికాలపు ఆటగాడిగా సంతకం పెట్టలేదు. కార్మిక కుటుంబాల పిల్లలకు ఈ జాగ్రత్త ఎందుకో ఎవరూ వివరించనక్కర్లేదు. ఫుల్‌బ్యాక్‌గా, అంటే మైదానం అంచున కాపలా కాసే డిఫెండర్‌గా, 1981, 1982 ఎఫ్‌ఏ కప్‌లూ 1984 యూఈఎఫ్‌ఏ కప్పూ గెలిచిన జట్టులో ఉన్నారు. 1979లో ఐర్లండ్ రిపబ్లిక్ జాతీయ జట్టుకు ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యారు. మొత్తం 53 మ్యాచులు. ఆడే రోజుల్లోనే వర్కర్స్ రెవల్యూషనరీ పార్టీ పత్రిక ‘న్యూస్ లైన్’కు కాలమ్ రాశారన్నది చాలామందికి తెలియని సంగతి. నాకు ఆయన మీద ఆసక్తి మొదలైందే అక్కడ.

మోకాలి గాయంతో ఆట ఆపాక 1993లో టాటెన్‌హామ్‌లోనే కోచింగ్ సిబ్బందిలో చేరారు. అక్కడే పద్నాలుగేళ్లు. ఆర్డిలెస్ నుంచి మార్టిన్ యోల్ దాకా ఏడుగురు శాశ్వత మేనేజర్లు వచ్చారు, పోయారు. హ్యూటన్ మాత్రం పక్కనే ఉన్నారు. మధ్యలో కుర్చీ ఖాళీ అయినప్పుడు తాత్కాలికంగా కూర్చోబెట్టారు, కొత్తవారు రాగానే లేపారు. 2007లో యోల్‌తో పాటు ఆయన్నూ పంపేశారు. శాశ్వత మేనేజర్ పదవి తొలిసారి న్యూకాజిల్‌లో 2009 అక్టోబర్‌లో దక్కేనాటికి ఆయన వయసు యాభై. అది కూడా క్లబ్ కింది శ్రేణికి పడిపోయి, తగలబడుతున్న ఇంటిలా ఉన్నప్పుడు. మంటలు ఆర్పాక ‘అనుభవం చాలదు’ అన్నారు. పదిహేడేళ్ల కోచింగ్ లెక్కలోకి రాలేదు. కుర్చీలో కూర్చున్న కాలమే అనుభవం, కుర్చీ వెనక నిలబడిన కాలం కాదు. ఈత వస్తేనే చెరువులో దిగనిస్తాం అన్నట్టు.

ఆయన స్థానంలో వచ్చిన అలన్ పార్డ్యూకు మేనేజర్‌గా చాలా క్లబ్బుల అనుభవం ఉంది. మూడు నెలల ముందే మూడో శ్రేణి క్లబ్ సౌతాంప్టన్ ఆయన్ను తొలగించింది కూడా. న్యూకాజిల్ ఆయనకిచ్చిన కాంట్రాక్టు ఐదున్నరేళ్లు. తర్వాతి సీజన్‌లో పార్డ్యూ జట్టును ఐదో స్థానానికి చేర్చారు, దాన్ని దాచక్కర్లేదు. పార్డ్యూ సమర్థుడా కాదా అన్నది వేరే చర్చ. ఒకరి తొలగింపు మరకగా మిగలకపోవడం, మరొకరి విజయం పెట్టుబడిగా మారకపోవడం ఇక్కడ చూడాల్సింది.

ప్రతి తొలగింపునూ వర్ణ వివక్ష ఖాతాలో రాస్తే మన వాదనే పలచబడుతుంది. బ్రైటన్ సంగతే చూడండి. 2014 చివరి రోజున ఆ క్లబ్ బాధ్యత తీసుకుని, 2017లో 34 ఏళ్ల తర్వాత దాన్ని అగ్రశ్రేణికి చేర్చారు. రెండు సీజన్లు అక్కడే నిలబెట్టారు. 2019 మేలో సీజన్ ముగిసిన మర్నాడే తీసేశారు. అప్పటికి చివరి 23 లీగ్ మ్యాచుల్లో గెలిచినవి మూడే. ఏ మేనేజర్‌కైనా ఆ లెక్క ప్రమాదకరమే. ఒక్కో ఉదంతానికీ ఒక్కో సమంజసమైన కారణం దొరుకుతుంది. వివక్ష కనిపించేది మొత్తం లెక్కలో. బ్లాక్ ఫుట్‌బాలర్స్ పార్ట్‌నర్‌షిప్ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రీమియర్ లీగ్ ఆటగాళ్లలో 43 శాతం నల్లజాతివారు. మేనేజర్ స్థాయి పదవుల్లో మాత్రం 4.4 శాతం. కాళ్లు కావాలి, తలలు వద్దు.

పరిష్కారంగా తెచ్చింది ‘రూనీ రూల్’. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2003 నుంచి ఉంది. ఇంగ్లండ్ కింది మూడు శ్రేణుల లీగ్ 2019లో దాన్ని తప్పనిసరి చేసింది. ఖాళీ వస్తే మైనారిటీ అభ్యర్థిని ఒక్కరినైనా ఇంటర్వ్యూకు పిలవాలి, అంతే. ఉద్యోగం ఇవ్వాలని లేదు. పైగా క్లబ్ పద్ధతి ప్రకారం ఇంటర్వ్యూలు జరిపితేనే నియమం వర్తిస్తుంది. యజమాని ముందే ఒకరిని అనుకుని ఫోన్ చేస్తే నియమానికి పనే లేదు.

వర్ణం, కులం ఒకటి కాదు. అక్కడ రాజ్యాంగం ఇచ్చిన కోటా లేదు, ఇక్కడ ఉంది. కానీ కోటా ఉన్నచోట కూడా ఇంటర్వ్యూ గది తలుపు ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. ప్రొఫెసర్ పోస్టుల ఫలితాల్లో ఎస్సీ, ఎస్టీ గడి ఎదురుగా ‘ఎన్‌ఎఫ్‌ఎస్’ అన్న మూడక్షరాలు చూసిన ప్రతి పరిశోధక విద్యార్థికీ ఇది తెలుసు. అలా నింపకుండా వదిలేసిన పోస్టులను కొన్ని సందర్భాల్లో డీ-రిజర్వ్ చేయొచ్చన్న యూజీసీ ముసాయిదా మీద 2024 జనవరిలో విద్యార్థులు గొంతెత్తారు. రిజర్వుడు పోస్టును డీ-రిజర్వ్ చేయడం కుదరదని కేంద్రం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. పోస్టు మిగిలింది. తగినవారెవరో తేల్చే బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు మాత్రం మారలేదు.

హ్యూటన్ 2023 ఫిబ్రవరిలో తండ్రి పుట్టిన దేశం ఘనాకు ప్రధాన కోచ్ అయ్యారు. 2024 జనవరిలో ఆఫ్రికా కప్‌లో ఘనా ఒక్క మ్యాచ్ గెలవకుండా గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టింది. వెంటనే ఆయన్ను తప్పించారు. అక్కడ కారణం వెతకనక్కర్లేదు: ఓడారు, తీసేశారు.