తాలా దేవుడి ఒంటి మీద అడవి

బిలాస్‌పూర్‌కు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, మనియారీ నది ఒడ్డున తాలా గ్రామం ఉంది. అక్కడి రెండు పురాతన ఆలయాలను జనం దేవరానీ, జెఠానీ అంటారు. అంటే తోడికోడళ్లు. 1987-88లో దేవరానీ గుడి ఆవరణలో శిథిలాలు తొలగిస్తుండగా ఎనిమిది అడుగులు మించిన, సుమారు ఐదు టన్నుల శిలావిగ్రహం బయటపడింది.

ఆ దేవుడి తలపాగా పాములు. ముక్కు బల్లి. చెవులు నెమళ్లు. మీసాలు చేపలు, గడ్డం పీత, భుజాలు మకరాలు. పొట్ట మీద, తొడల మీద మనుషుల ముఖాలు. మోకాళ్ల మీద సింహముఖాలు. రుద్రశివుడని కొందరు, పశుపతి అని కొందరు, లకులీశుడని మరికొందరు పండితులు వాదించారు. ఏకాభిప్రాయం నేటికీ కుదరలేదు. కానీ మనిషి, మృగం, జలచరం కలిస్తేనే ఆ దేహం పూర్తవుతుందన్నది చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

ఈ రాష్ట్రాన్ని పాలించిన పార్టీలకు మాత్రం ఇది తెలియలేదు. కాంగ్రెస్ ప్రభుత్వం రామ వనగమన పథం పేరిట రాముడు నడిచిన అడవి దారులను పర్యాటక కేంద్రాలుగా మార్చింది. ఆ ప్రభుత్వమే 2022 మార్చిలో హస్‌దేవ్ అరణ్యంలో పర్సా ఈస్ట్–కేతే బాసన్ గని రెండో దశకు అనుమతినిచ్చింది. తర్వాత వచ్చిన బీజేపీ ప్రభుత్వం అయోధ్యకు రాంలలా దర్శన యాత్రలు ప్రారంభించింది. దాని హయాంలోనే, 2023 డిసెంబరులో, పోలీసు కాపలా మధ్య అదే అడవిలో చెట్లు కూలాయి. వనవాసి రాముడికి ఉత్సవం, వనానికి గొడ్డలి: ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మతం.

కరెంటు వద్దా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న వేయాల్సింది ఆదివాసులను కాదు, శాసనసభను. హస్‌దేవ్‌లోని బొగ్గు బ్లాకులు రద్దు చేయాలని 2022 జులైలో ఏకగ్రీవంగా తీర్మానించింది అదే సభ. 2021లో గ్రామసభల హక్కు కోసం మూడు వందల కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ చేరిన ఆదివాసులు అడిగిందీ అంతకు మించి లేదు.

బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి తెలుగు కుటుంబాలకూ అన్నం పెట్టిన ఊరు. ఆ పట్టాల మీద రాత్రింబవళ్లు బొగ్గు వెళుతూనే ఉంటుంది. కనుక బొగ్గును తిట్టి చేతులు దులుపుకోవడం ఇక్కడ కుదరదు. కానీ ఎంత తవ్వాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించే హక్కు ఎవరిదన్న ప్రశ్నను భజనలతో ముంచేయడమూ కుదరకూడదు.

వారసత్వం గురించి ఉపన్యసించే నేతలు ఒకసారి తాలా వెళ్లాలి. కొత్త మండపం కట్టించడానికి కాదు. చేపను, పీతను, నెమలిని తీసేస్తే ఆ దేవుడికి మీసం, గడ్డం, చెవులు మిగలవని చూసి రావడానికి.