నెగటివ్ ఉంది, సీడీయే చదవట్లేదు

సంపాదకులకు,

‘ఫిల్ము పాడైపోతుంది, డిజిటల్ ఫొటో శాశ్వతం’ అని గత ఆదివారం మీ వ్యాసకర్త తేల్చేశారు. మొదటి సగం ఒప్పుకుంటాను, రెండో సగం ఒప్పుకోను.

1986లో చేబ్రోలు చతుర్ముఖ బ్రహ్మ గుడి కోనేటి గట్టున తీయించుకున్న మా పెళ్లి ఫొటోల నెగటివ్‌లు ఇంకా బీరువాలో ఉన్నాయి. వానాకాలం చెమ్మకు రెండింటికి బూజు పట్టిన మాట నిజమే. మిగతావి నిరుడు తెనాలిలో స్కాన్ చేయించాం. 2007లో మా అమ్మాయి పెళ్లి డిజిటల్‌లో తీయించాం. ఆ సీడీని ఇప్పుడు ఏ కంప్యూటరూ చదవడం లేదు. నెగటివ్‌ను వెలుతురుకు పట్టి చూస్తే పెళ్లివారు కనిపిస్తారు. సీడీని పట్టి చూస్తే మన మొహమే కనిపిస్తుంది. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో నేటికీ భద్రంగా ఉన్నాయి.

ఇంకొకటి. డిజిటల్ సంగతి తెలియకే కొడాక్ మునిగిందన్నారు. 1975లో చేత పట్టుకెళ్లే డిజిటల్ కెమెరాను తొలిసారి తయారుచేసింది కొడాక్ ఇంజినీరు స్టీవెన్ శాసనే. ఆ కంపెనీ 2012లో దివాలా పిటిషన్ వేసింది తెలియక కాదు, తెలిసీ ఫిల్మునే నమ్ముకోవడం వల్ల.

36 ఫొటోల రోలును పొదుపుగా వాడిన నేనూ ఇప్పుడు ఫోన్‌తోనే తీస్తున్నాను. అయితే ‘శాశ్వతం’ అని భరోసా ఇచ్చే బదులు, రెండు మూడు చోట్ల కాపీలు దాచుకోండి, ముఖ్యమైనవి ప్రింటు వేయించండి అని రాసి ఉంటే పాఠకులకు మేలు జరిగేది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, చేబ్రోలు, గుంటూరు జిల్లా