మనసుకూ వైద్యం ఉంది! మన ఊరి ఆసుపత్రిలోనే ఇమ్మని అడుగుదాం!

చదవండి • చదవలేనివారికి చదివి వినిపించండి • పక్కింటికి అందించండి

 

మూడు రోజులు జ్వరం తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెడతాం. షుగరుకు, బీపీకి నెలనెలా మాత్రలు తెచ్చుకుంటాం. మరి నెల రోజులుగా కంటి మీద కునుకు లేని మనిషిని ఏం చేస్తున్నాం? రెండు ముద్దలు తిని చేయి కడిగేసుకునే మనిషిని? కన్నబిడ్డను ఎత్తుకోబుద్ధి కావడం లేదని కుమిలిపోయే బాలింతను? "తిన్నది అరక్క" అంటాం. "గాలి సోకింది" అని తాయెత్తు కట్టిస్తాం. "పెళ్లి చేస్తే అదే కుదురుతుంది" అంటాం. ముదిరాక "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తీసుకుపోండి" అని నవ్వుతాం.

ఆ నవ్వుకు భయపడే చాలామంది నోరు విప్పరు. ధైర్యం చేసి విప్పినా, డాక్టరు ఉండేది జిల్లా కేంద్రంలో. రానూ పోనూ బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోతాయి.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జాతీయ సర్వే చేసింది. పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. జబ్బును బట్టి వారిలో నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదు. ఆ 12లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. లెక్కలో లేనంత మాత్రాన ఈ బాధ మన ఇళ్లలో లేదనుకుందామా?

డాక్టర్లు చాలరంటారా? దానికీ జవాబు ఉంది!

"ఇంతమందికి సైకియాట్రిస్టులను ఎక్కణ్నుంచి తేవాలి?" అని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు పరిశోధనల్లో దొరికింది.

గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు (పీహెచ్‌సీలకు) వచ్చిన, తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు దాంతోపాటు మాట సాయం. ఆ సాయం చేసినవారు డాక్టర్లు కారు, సైకాలజీ చదివినవారూ కారు. శిక్షణ పొందిన స్థానికులు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడారు. దిగులుతో వదిలేసిన చిన్న చిన్న పనులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టించారు. మూడు నెలలకు మొదటి జట్టులో నూటికి 39 మంది తేరుకుంటే, రెండో జట్టులో 64 మంది తేరుకున్నారు. 2017లో లాన్సెట్ పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది.

అంత దూరం ఎందుకు? మన పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లోనే, హర్యానా పల్లెలతో పాటు, ఇలాంటి ప్రయోగం జరిగింది. ఆశా కార్యకర్తలు ట్యాబు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. నిద్ర, ఆకలి, దిగులు గురించి అడిగారు. అవసరమున్నవారిని పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపించారు. మళ్లీ ఇంటికి వెళ్లి ఎలా ఉన్నారో చూశారు. మానసిక రోగులను చిన్నచూపు చూడవద్దని ఊళ్లో ప్రచారమూ జరిగింది. ఏడాది తిరిగేసరికి, ఈ పద్ధతి పెట్టిన ఊళ్లలోని బాధితులకు డిప్రెషన్ మిగతా ఊళ్లవారికన్నా ఎక్కువగా తగ్గింది. 2024లో జామా సైకియాట్రీ పత్రిక దీన్ని ప్రపంచానికి చెప్పింది. మన ఆశా అక్కలు చేసి చూపించిన పని ఇది. ప్రయోగంగా జరిగినది ప్రతి ఊళ్లో పథకంగా ఎందుకు జరగదు?

ఒక్క మాట దాచకుండా చెబుతున్నాం. కౌన్సెలింగు అప్పు తీర్చదు, పంటకు ధర తేదు. వాటికోసం చేసే పోరాటం ఆగకూడదు. కానీ ఆ పోరాటం చేయాలన్నా మనిషి నిలబడాలి కదా!

ఈ రోజు నుంచే మనం చేయగలిగినవి

నడవండి. నలుగురు కలిసి నడిస్తే ఇంకా మంచిది. 218 ప్రయోగాలను, 14 వేల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన సమీక్ష 2024లో బీఎంజే పత్రికలో వచ్చింది. నడక, పరుగు, యోగా, బరువులు ఎత్తడం డిప్రెషన్‌ను తగ్గిస్తాయని అందులో తేలింది. మందులు వాడుతున్నవారు వాటిని మానకుండా, తోడుగా నడవాలి.

పలకరించండి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పింది. పిల్లలు హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉండి, ఇంట్లో ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లు మన వీధిలో ఎందరు లేరు? సాయంత్రం వాళ్ల గడప దగ్గర కాసేపు కూర్చోండి.

గమనించండి. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర లేమి, "నేనెందుకూ పనికిరాను" అన్న మాట రెండు వారాలు దాటితే అది బద్ధకం కాదు, ఆసుపత్రికి వెళ్లవలసిన సమస్య. డిప్రెషన్ మందుల గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే పారేయకండి. బాగుందని మీ అంతట మీరు ఆపేయకండి. డాక్టరును అడిగే తగ్గించండి.

అడగండి. ఎవరైనా బతుకు మీద విరక్తిగా మాట్లాడితే మాట మార్చకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా, ప్రేమగా అడగండి. అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. పరిశోధనలు ఆ భయం నిజం కాదని చెప్పాయి. ఒంటరిగా వదలకండి. ప్రమాదకరమైన వస్తువులు అందకుండా చూడండి. వెంటనే ఫోను చేయండి.

ప్రభుత్వ సహాయవాణి టెలి మానస్: 14416 — రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులో

చట్టం మన వైపే ఉంది!

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. రోగిని గొలుసులతో కట్టడం నిషిద్ధం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, గొలుసులతో కట్టి ఉంచిన రోగులు మంటల్లో చిక్కి చనిపోయారని మరువకండి. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా ఇవ్వాలని ఇదే చట్టం చెబుతోంది. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించి, ప్రభుత్వం వైద్యం ఇవ్వాలి. పోలీసు కేసుకు భయపడి ఆసుపత్రికి ఆలస్యం చేయకండి.

విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరు ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు అవమానించడం తగదు. తల్లిదండ్రులారా! ఫీజు కట్టేటప్పుడు అడగండి: "మీ కౌన్సెలరు ఎవరు? ఏ గదిలో ఉంటారు?"

మన డిమాండ్లు

1. ప్రతి పీహెచ్‌సీలో వారానికి ఒక రోజు మనసు వైద్యానికి కేటాయించాలి. ఆ రోజు ఫలానా అని బోర్డు పెట్టాలి.
2. డిప్రెషన్, మూర్ఛ, తీవ్ర మానసిక జబ్బుల మందులు అక్కడే, ఉచితంగా, నెల మధ్యలో అయిపోకుండా ఉండాలి.
3. ఆశా, ఏఎన్ఎంలకు మాట సాయంలో శిక్షణ ఇవ్వాలి. అదనపు పనికి అదనపు డబ్బు ఇవ్వాలి. వాళ్ల నెత్తిన ఊరికే ఇంకో బరువు పెట్టొద్దు.
4. కాన్పుకు ముందు, తర్వాత ప్రతి తల్లినీ మనసు ఎలా ఉందో కూడా అడగాలి.
5. సుప్రీంకోర్టు చెప్పిన కౌన్సెలర్లు కాలేజీల్లో ఉన్నారో లేదో విద్యాశాఖ తనిఖీ చేసి, వివరాలు బయటపెట్టాలి.
6. 14416 నంబరును ప్రతి బడి, హాస్టలు, రైతు కేంద్రం, బస్టాండు గోడ మీద రాయించాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఆయుష్మాన్ భారత్ కింద మన ఊళ్లలో తెరిచిన ఆరోగ్య కేంద్రాలు ఇవ్వవలసిన సేవల జాబితాలో మానసిక ఆరోగ్యం కూడా ఉంది. కాగితం మీద ఉన్నదాన్ని గడప దగ్గరికి తెమ్మంటున్నాం.

కదలండి!

వచ్చే గ్రామసభకు, వార్డు సభకు ఈ కరపత్రం పట్టుకుని రండి. ఆరు డిమాండ్లనూ చదివి తీర్మానం చేయించండి. తీర్మానం నకలు పీహెచ్‌సీ డాక్టరుకు, ఎంపీడీఓకు, ఎమ్మెల్యేకు ఇచ్చి రసీదు తీసుకోండి. డ్వాక్రా సంఘాల అక్కలు తమ సమావేశంలో ఒక్క పావుగంట దీనికి ఇవ్వండి. యువజన సంఘాల తమ్ముళ్లు బ్రష్షు, రంగు పట్టుకుని 14416 గోడల మీద రాయండి. అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఆ రోజు అందరం కలిసి పీహెచ్‌సీకి నడిచి వెళ్దాం. తీర్మానం ఏమైందో అడుగుదాం.

ఎగతాళి మానుదాం! పలకరింపు పెంచుదాం!
మనసు వైద్యం దయ కాదు — మన హక్కు!
పట్నం దాకా పోయే పని లేకుండా — మన ఊళ్లోనే వైద్యం కావాలి!

ఇట్లు
మీ ఊరివాళ్లం, మీ వీధివాళ్లం