అడిగినవాళ్లు జవాబు కూడా చెప్పాలి

మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు చెరువు లేదు. మా సాహెబా పేరిట ఉన్న చెరువు పోయి పార్కు అయింది, పేరొక్కటే మిగిలింది. ఆ పక్కనే దామోదరం సంజీవయ్య పేరు పెట్టిన సంక్షేమ భవన్ ఉంది. గిరిజన సంక్షేమం, దళితుల సంక్షేమం చూసే పెద్దాఫీసులు అందులోనే ఉన్నాయి. పేదల గురించి ఊళ్లలో రాసుకున్న కాగితాలు చివరికి ఇలాంటి మేడలకే చేరతాయి. వాటి మీద తేలిన లెక్క తిరిగి ఊరికి ఎందుకు రాదన్నదే ఇవాళ మన ముందున్న ప్రశ్న.

సర్వే చేస్తే ప్రజలకు సర్కారు మీద నమ్మకం పెరుగుతుందని పాలకులు, వాళ్ల సలహాదారులు చెబుతున్నారు. పెరుగుతుందా? మన అనుభవాన్నే చూద్దాం.

2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఆ రోజు సెలవిచ్చారు, బస్సులు ఆపారు. ఇంట్లో లేకపోతే రేషను పోతుందని, పింఛను పోతుందని ఊరూరా పుకారు లేచింది. బతకపోయినవాళ్లు ముంబయి నుంచి, భివండీ మరమగ్గాల నుంచి, సూరత్ నుంచి రైళ్లలో వేలాడుతూ ఊళ్లకు వచ్చారు. కూలి పోయింది, చార్జీలు నెత్తిన పడ్డాయి. కోటికి పైగా కుటుంబాల వివరాలు రాసుకున్నారు. ఆ జనాన్ని చూసి, ప్రభుత్వం మీద ఎంత నమ్మకమోనని మురిసిపోయిన పెద్దమనుషులున్నారు. అది నమ్మకం కాదు, భయం. ఉన్న కార్డు ఊడుతుందన్న భయంతో వచ్చినవాడు నోరు విప్పి నిజం చెబుతాడా? అప్పు ఎంతుందో చెబుతాడు గాని అరెకరం కౌలు చేస్తున్న సంగతి మింగేస్తాడు. అలా రాసుకున్న లెక్కను ఫలానా ఊరిలో భూమిలేని కుటుంబాలు ఇన్ని అని జనం ముందు చదివి ఖాయం చేసుకున్న పాపాన పోలేదు. పూర్తి నివేదిక బయటపెట్టామని ఒక పార్టీ, పెట్టలేదని ఇంకో పార్టీ ఈ పదేళ్లూ తగాదా పడ్డాయి. రాయించినవాళ్లం మనం, తగాదా వాళ్లది!

తర్వాత వచ్చిన ప్రభుత్వం 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన పేరుతో కోటీ పాతిక లక్షల దరఖాస్తులు తీసుకుంది. జిరాక్సు షాపుల ముందు జనం బారులు తీరారు. కొద్దిరోజులకే వాటిలో కొన్ని కాగితాలు హైదరాబాదులో బాలానగర్ ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురుగా పడి కనిపించాయి. అదే ఏడాది నవంబర్‌లో మళ్లీ ఇంటింటి సర్వే. 56 ప్రధాన ప్రశ్నలు, 19 అనుబంధ ప్రశ్నలు. కోటీ 12 లక్షల కుటుంబాల లెక్క 2025 ఫిబ్రవరిలో అసెంబ్లీకి వచ్చింది. కులాల లెక్క తేలడం మంచిదే, దాన్ని మేం తక్కువ చేయడం లేదు. అయితే హైదరాబాదులో తేలిన శాతాలతో మన వాడలో ఎవరికి ఏం రావాలో తేలదు.

ఆంధ్రాలో ఇంకో పద్ధతి చూశాం. ఫోన్ మోగుతుంది, సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కమంటుంది గొంతు. ఎందుకు సంతృప్తిగా లేవో చెప్పే మీట మాత్రం ఆ ఫోనులో ఉండదు.

ఇక 2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణ గ్రామసభల్లో జరిగింది గమనించండి. రేషను కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, రైతు భరోసా, భూమిలేని కూలీలకు ఏడాదికి 12 వేల ఆత్మీయ భరోసా — ఈ నాలుగింటి జాబితాలు చదివారు. చాలాచోట్ల జనం లేచి నిలదీశారు. నా పేరేది? ట్రాక్టరున్న ఆయన పేరు ఎలా వచ్చింది? దీన్ని పత్రికలు రభస అని రాశాయి. మేం అలా అనుకోవడం లేదు. ఈ మొత్తం సర్వేల గొడవలో ఊరి జనం ముందు లెక్క పెట్టింది ఆ నాలుగు రోజులే. అధికారిని తిరిగి అడిగే వీలు చిక్కింది కాబట్టే అడిగారు. నమ్మకం పుడితే గిడితే అక్కడే పుట్టాలి.

పైగా ఆత్మీయ భరోసాకు 2023–24లో కనీసం 20 రోజులు ఉపాధి పని చేసి ఉండాలన్నారు. అంటే మస్టరులో రాసిన రోజులే కూలీ నొసటి రాత అయ్యాయి. పని అడిగినా పెట్టనివాళ్ల మాటేమిటి? ఒకరు చేసిన పనికి ఇంకొకరి పేరు రాసిన మస్టర్ల మాటేమిటి?

దీనికి విరుగుడు మన దగ్గరే తయారైంది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైన ఏడాదే సామాజిక తనిఖీలు కూడా మొదలయ్యాయి. రాజస్థాన్ కూలీలు 1994 నుంచి జరిపిన బహిరంగ విచారణల నుంచి నేర్చుకున్న పద్ధతి ఇది. కూలీల ఇళ్ల పిల్లలే మస్టర్లు చేతబట్టి ఇంటింటికీ వెళ్లేవారు. ‘అక్కా, ఈ వారం ఆరు రోజులు పని చేసినట్టుంది, చేశావా? డబ్బు నీ చేతికొచ్చిందా?’ అని అడిగేవారు. చనిపోయినవాళ్లు తవ్విన గుంతలు, ఊళ్లో లేనివాళ్లు పెట్టిన వేలిముద్రలు బయటపడేవి. ముందు గ్రామసభలో, తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ఎదుట చదివేవారు. కూలీ లేచి ‘అబద్ధం’ అంటే అది రాసుకోవాల్సిందే. తనిఖీ పని 2009లో ప్రత్యేక సొసైటీకి అప్పగించారు.

అంతా సవ్యంగా సాగిందని చెప్పం. బయటపడిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్ది భాగమే. మేటు మీద, ఫీల్డ్ అసిస్టెంట్ మీద వేటు పడింది, పైవాళ్లు తప్పుకున్నారు. ప్రజావేదికలో మాట్లాడిన కూలీకి మరుసటి వారం పని దొరకని ఊళ్లూ ఉన్నాయి. సంఘం బలంగా ఉన్నచోట ఆ దాష్టీకం సాగలేదు.

తనిఖీ హక్కును గ్రామసభకు ఇచ్చింది 2005 చట్టం 17వ సెక్షన్. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరే చట్టం చేసింది. చట్టం పేరు ఏదైనా మస్టరు ఊళ్లో చదవాల్సిందే. ఇంటింటి సర్వేలో మన వాడ గురించి రాసిన లెక్కనూ, పేర్లు రట్టు కాకుండా, గ్రామసభలో పెట్టాలి: భూమిలేని కుటుంబాలెన్ని, కౌలుదారులెందరు, ఇల్లు లేనివాళ్లెందరు. తీసేసిన ప్రతి కార్డుకూ కారణం కాగితం మీద ఇవ్వాలి. వచ్చే గ్రామసభకు ముందే మన సంఘాలు వాడల్లో తిరిగి ఈ మూడు లెక్కలూ సొంతంగా రాసి ఉంచుకోవాలి. అధికారి చదువుతుంటే పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.