జవానూ మావాడే, కిసానూ మావాడే... మరి నీళ్ళెవరివి?

1965 యుద్ధకాలంలో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ‘జై జవాన్, జై కిసాన్’ అన్నాడు. దేశమంతా సరిహద్దులో ఒకణ్ణి, పొలంలో ఇంకొకణ్ణి చూసింది. చిత్తూరు జిల్లా పల్లెల్లో ఆ ఇద్దరూ ఒక్కడే. వాన పడితే మడక కట్టాడు, వాన ఎగబెడితే పటాలంలో చేరాడు. వాడికి జై కొట్టడానికి ప్రతి నాయకుడూ వచ్చాడు. వాడి చేనుకు నీళ్ళు తేవడానికి మాత్రం ఎవడూ రాలేదు.

ఇది నిన్న మొన్నటి కథ కాదు. పాళేగాళ్ళ కాలంలో సీమలో కట్టుబడివాళ్ళుండేవాళ్ళు. చేతిలో మాన్యం భూమి, మొలలో కత్తి. మామూలు రోజుల్లో సేద్యం, ఊరి కావలి. యుద్ధమొస్తే సైన్యం. 1800లో దత్తమండలాలు కుంఫిణీ చేతికి పోయాయి. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఈ సాయుధ రైతుల నడుము విరగ్గొట్టాడు. 1801లో కర్ణాటక నవాబు నుంచి మన చిత్తూరు ప్రాంతాన్నీ కుంఫిణీ లాక్కుంది. 1804లో చిత్తూరు పాళేగాళ్ళు తిరగబడితే సైన్యాన్ని దించి అణచింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినవాళ్ళలో మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడివాళ్ళు ఎందరో. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోయిలకుంట్లలో ఉరి తీశారు. కత్తీ పోయింది, భూమీ పోయింది. తెల్లదొరలు వాళ్ళకు పెట్టిన పేరు బందిపోట్లు. వాళ్ళ మనవళ్ళకు మన సినిమావాళ్ళు పెట్టిన పేరు ఫ్యాక్షనిస్టులు!

స్వాతంత్ర్యం వచ్చాక ఏం మారింది? 1962, 1965, 1971, 1999. ప్రతి యుద్ధానికీ దేశం పిలిచింది, సీమ బిడ్డ పోయాడు. పింఛనుతో తిరిగొచ్చినవాడికి సర్కారు డీకేటీ పట్టా చేతిలో పెట్టింది. ఎక్కడ? గుట్ట పక్కన, రాళ్ళ మిట్టలో. తుపాకీ పట్టిన చేత్తోనే రాళ్ళేరాడు, కంప కొట్టాడు, చెనిక్కాయ విత్తాడు. పింఛను డబ్బుతో బోరేశాడు. అది ఎండితే ఇంకో బోరు. శత్రువు ముందు తలవంచనివాడు వడ్డీ వ్యాపారి గుమ్మం ముందు నిలబడ్డాడు. పోనీ ఆ భూమి అమ్ముకుందామా అంటే అదీ ఒక యుద్ధమే. మాజీ సైనికుడు పదేళ్ళ తర్వాత అమ్ముకోవచ్చని 1993లోనే జీవో 1117 ఇచ్చారు. అయినా 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందంటూ ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిప్పారు.

2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ హెలికాప్టర్ కూలింది. అందులో అసువులు బాసిన లాన్స్ నాయక్ సాయితేజ మన కురబలకోట మండలం ఎగువరేగడ పల్లె బిడ్డ. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ వేళ సరిహద్దు కాల్పుల్లో నేలకొరిగిన మురళీ నాయక్ సీమ బిడ్డే. ఊరు గోరంట్ల మండలం కల్లి తండా. కన్నవాళ్ళు ముంబైకి కూలికి పోయి పెంచిన కొడుకు. అతను అగ్నివీరుడు. 2022లో కేంద్రం తెచ్చిన అగ్నిపథ్ లెక్కలో నాలుగేళ్ళ కొలువు, ఆ తర్వాత నూటికి పాతికమందికే కొనసాగింపు. మిగతావాళ్ళకు పింఛను లేదు. ప్రాణమిచ్చినా మామూలు జవాను ఇంటికి దక్కే కుటుంబ పింఛను ఈ ఇంటికి లేదు. ఆనాటి కట్టుబడికి మాన్యమన్నా ఉండేది. ఈనాటి అగ్నివీరుడు ఇరవై అయిదేళ్ళకే ఇంటికొస్తాడు. ఏ చేను దున్నుకోవాలి?

ఆ చేనుకు నీళ్ళిస్తామని 1937 నవంబర్ 16న శ్రీబాగ్‌లో సంతకాలు చేశారు కదా! పదేళ్ళపాటు సాగునీటిలో రాయలసీమ, నెల్లూరులకే ముందు పీట అన్నారు. ఆ మాట నమ్మి ఆంధ్ర రాష్ట్రంలో కలిశాం. 1953లో కర్నూలుకు రాజధాని వచ్చింది, 1956లో పోయింది. హంద్రీ-నీవా కింద చిత్తూరు జిల్లాకు 1.40 లక్షల ఎకరాలని కాగితం మీద రాశారు. ఆ పథకానికి నికర జలాలు లేవు, శ్రీశైలం వరదే దిక్కు. 2025 ఆగస్టులో కుప్పం దాకా కృష్ణా నీళ్ళొచ్చాయని జలహారతి పట్టారు. సంతోషమే. పిల్లకాలువలు తవ్వి ఆ 1.40 లక్షల ఎకరాల్లో తడి చూపించండి, మేమే హారతి పడతాం. మనవాళ్ళే ముఖ్యమంత్రులు కదా అంటారు. అవును, ఒక్క చిత్తూరు జిల్లాయే ఇద్దర్నిచ్చింది. కుర్చీ మనవాడిదైనంత మాత్రాన కాలువ మనది కాదని తేలిపోయింది.

జవాను పేరు చెప్పి రాష్ట్రం అడగడం దేశద్రోహమని కొందరు పెద్దమనుషులు నీతులు చెబుతారు. వాళ్ళకు ఉత్తరాఖండ్ చూపిస్తాం. గఢ్వాల్, కుమావ్ రెజిమెంట్లకు పుట్టిల్లది. 1994లో అక్కడ ప్రత్యేక రాష్ట్రం కోసం మాజీ సైనికులు వీధుల్లోకి వచ్చారు. 2000 నవంబర్ 9న రాష్ట్రం సాధించుకున్నారు. దేశం ముక్కలైందా? వాళ్ళ బిడ్డలు సైన్యంలో చేరడం మానేశారా?

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా! తిరుపతి మైదానాల్లో తెల్లారకముందే పరుగు తీస్తున్న కుర్రాళ్ళను చూడండి. వాళ్ళ దేశభక్తికి చేతులెత్తి మొక్కుతాం. కానీ చేను ఎండిపోయి పటాలానికి పోవడం వేరు, చేను పచ్చగా ఉండగా ఇష్టపడి పోవడం వేరు. ఆ రెండో దారి మన బిడ్డలకు కావాలి. రేపు ఏ నాయకుడైనా అమరజవాను పటానికి దండ వెయ్యడానికొస్తే అడ్డుపడకండి, దండ వెయ్యనివ్వండి. వేశాక దారికి నిలబడి అడగండి: శ్రీబాగ్ నీళ్ళేవి? నికర జలాలేవి? జవాబు లేకపోతే మన జవాబు మనకుంది.

మా నీళ్ళు మాకు కావాలి. మా రాష్ట్రం మాకు కావాలి.